ఒమాహా బెన్సన్‌లో పాత ఇటుక బిల్డింగ్‌లో షాపు తీసుకోవచ్చా? కాస్త పెద్ద సమాధానం

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరిద్దరూ తెనాలి వాళ్లు, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా వచ్చి ఆరేళ్లయింది, టిఫిన్ సెంటర్ పెడదామని చూస్తున్నారు. రెండు చోట్లు దొరికాయి. ఒకటి పడమర వైపు 144వ వీధి దగ్గర స్ట్రిప్ మాల్‌లో (రోడ్డు పక్క వరసగా కొట్లుండే చోటు), ముందు బోలెడు పార్కింగ్. రెండోది బెన్సన్ అనే పాత పేటలో మేపుల్ స్ట్రీట్ మీద వందేళ్ల నాటి ఇటుక బిల్డింగ్‌లో కింద గది, 22 అడుగుల వెడల్పు, పైన అద్దె ఇళ్లు, సొంత పార్కింగ్ లేదు. తెలిసినవాళ్లంతా పాతదాని జోలికి పోవద్దంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని అండి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటూ ఎక్కువగా ఇలాంటి పాత బిల్డింగుల బేస్‌మెంట్లలో టార్చ్ లైట్ పట్టుకుని తిరిగే పనే చేస్తున్నాను. ఆ వీధులంటే నాకు చాలా ఇష్టం, అది దాచను. కానీ ఇష్టం వేరు, మీ డబ్బు వేరు, కాబట్టి రెండూ కలపకుండా చెప్పడానికి ట్రై చేస్తాను.

అసలు ఆ వీధులు అలా ఎందుకున్నాయో తెలిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఒమాహా ఇప్పుడు దాదాపు 4,86,000 మంది ఉండే ఊరు (2020 జనాభా లెక్క), కానీ మొదట్లో ఇది ఒక ఊరు కాదు. బెన్సన్, డండీ, సౌత్ ఒమాహా, ఫ్లోరెన్స్ అన్నీ వేరే వేరే ఊళ్లు. బెన్సన్‌ని 1887లో ఎరాస్టస్ బెన్సన్ అనే ఆయన ప్లాట్లు వేసి మొదలుపెట్టాడు. డండీ, సౌత్ ఒమాహా 1915లో ఒమాహాలో కలిశాయి, బెన్సన్, ఫ్లోరెన్స్ 1917లో. వేరే ఊళ్లు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో మెయిన్ బజారు ఉండేది, ఊరు కలిసిపోయినా బజారు మిగిలిపోయింది.

ఇంకోటి ట్రామ్. డౌన్‌టౌన్‌లో పని చేసి సాయంత్రం ట్రామ్ దిగిన మనిషి ఇంటికి నడిచి వెళ్తూ దారిలో రొట్టె, మందులు, చెప్పుల రిపేరు, కటింగు అన్నీ అయిపోవాలి. అందుకే స్టాప్ చుట్టూ మూడు నాలుగు బ్లాకుల్లోనే కొట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టారు, ముందు ఒక్క అడుగు కూడా ఖాళీ వదలకుండా. స్థలం గజాల్లెక్కన ఖరీదు కాబట్టి ముందు వెడల్పు తక్కువ, వెనక్కి పొడవు ఎక్కువ. కింద కొట్టు, పైన కాపురం. మీకు చూపించిన 22 అడుగుల గది సరిగ్గా ఆ లెక్కలో పుట్టిందే.

ఒమాహాలో ట్రామ్‌లు 1955లో ఆగిపోయాయి. 1960లో 72వ వీధి, డాడ్జ్ స్ట్రీట్ కలిసే చోట క్రాస్‌రోడ్స్ మాల్ తెరిచారు. మధ్యలో అయిదేళ్లే. ఆ తర్వాత ఊరు పడమరకి పరిగెత్తుకుంటూ పోయింది, జనం కార్లలో మాల్‌కి వెళ్లారు, ఈ బజార్లు చిక్కిపోయాయి. కొన్నిచోట్ల కొత్తగా కనిపించాలని ముందు ఇటుక గోడ మీద అల్యూమినియం రేకులు కొట్టేశారు, తలుపు పైన ఉండే పొడుగాటి అద్దాలని చెక్కలతో మూసేసి లోపల సీలింగ్ కిందకి దించేశారు. మీ గదిలో కూడా ఆ తెల్ల పలకల సీలింగ్ ఉంది అన్నారు కదా, దాని పైన పాత నొక్కుడు రేకు సీలింగ్ పువ్వుల డిజైన్‌తో అలాగే ఉండే అవకాశం ఉంది, ఒక పలక పైకెత్తి చూడండి. నేను ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే అన్ని బజార్లూ ఒకేలా చిక్కిపోలేదు, ఒకేలా కోలుకోలేదు, ఇది చాలా ముఖ్యం. డండీ గురించి అందరికీ తెలుసు, పెట్టుబడిదారు వారెన్ బఫెట్ గారు 1958లో 31,500 డాలర్లకి కొన్న ఇల్లు ఆ వైపే, ఆయన కంపెనీ బెర్క్‌షైర్ మీటింగ్‌కి వచ్చే మనవాళ్లందరూ ఆ రోడ్డు మీదుగా ఒకసారి వెళ్లొస్తారు. చుట్టూ డబ్బున్న ఇళ్లు ఉన్నాయి, అందుకని అండర్‌వుడ్ అవెన్యూ బజారు పెద్దగా దెబ్బ తినలేదు. 1925 నాటి డండీ థియేటర్ 2013లో మూతపడితే దాన్ని బాగుచేసి 2017లో మళ్లీ తెరిచారు. బెన్సన్‌ది ఇంకో కథ, అద్దెలు బాగా తగ్గిపోయిన రోజుల్లో పాటల బ్యాండ్లు, బొమ్మలు వేసేవాళ్లు అక్కడికి చేరారు, ఇప్పుడు నెలనెలా మొదటి శుక్రవారం సాయంత్రం మేపుల్ స్ట్రీట్ అంతా ఆర్ట్ చూడటానికి వచ్చే జనమే. ఫార్నమ్ స్ట్రీట్ మీద బ్లాక్‌స్టోన్ అనే ఏరియా అయితే ఈ పది పన్నెండేళ్లలో మారిపోయింది, 1916 నాటి బ్లాక్‌స్టోన్ హోటల్ 2020లో మళ్లీ హోటల్‌గా తెరిచారు (రూబెన్ శాండ్‌విచ్ పుట్టింది ఇక్కడే అని ఒమాహా వాళ్లు గట్టిగా చెప్తారు, న్యూయార్క్ వాళ్లు ఒప్పుకోరు). డౌన్‌టౌన్ నుంచి ఆ వైపుకి కొత్త ట్రామ్ లైన్ కూడా వేస్తున్నారు.

నన్నడిగితే మాత్రం ఈ ఊళ్లో అన్నిటికన్నా గట్టి బజారు సౌత్ 24వ వీధి. మీ ప్రశ్న కింద వచ్చిన జవాబుల్లో ఒక్కరు కూడా దాని పేరు ఎత్తలేదు, అది నాకు బాధగా అనిపించింది. 1880లలో స్టాక్‌యార్డ్స్ (పశువుల మార్కెట్) వచ్చాక సౌత్ ఒమాహా ఎంత స్పీడుగా పెరిగిందంటే దాన్ని మ్యాజిక్ సిటీ అనేవాళ్లు. చెక్ వాళ్లు, పోలండ్ వాళ్లు, లిథువేనియా వాళ్లు, మెక్సికో వాళ్లు, ఎవరు కొత్తగా వస్తే వాళ్లు ఆ వీధిలో ఒక చిన్న గది అద్దెకి తీసుకుని తమవాళ్లకి కావాల్సింది అమ్ముకున్నారు. అంతా మంచిగానే జరగలేదు, 1909లో గ్రీకుల మీద అల్లరిమూక పడి వాళ్ల ఇళ్లు కొట్లు తగలబెట్టి ఊళ్లోంచి తరిమేశారు. 1955 వచ్చేసరికి అక్కడి పశువుల మార్కెట్ షికాగోని కూడా దాటేసింది, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ 1999లో పూర్తిగా మూసేశారు. అంత పెద్ద ఆధారం పోయాక ఆ బజారు కూడా పోవాలి కదా? పోలేదు. మెక్సికో, గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబాలు అవే గదుల్లో బేకరీలు, బట్టల కొట్లు, టాకో హోటళ్లు పెట్టారు. ఏ ఆదివారమైనా పొద్దున పదింటికి వెళ్లి చూడండి, ట్రేలు పట్టుకుని పటకారుతో తీపి రొట్టెలు ఏరుకునే జనం లైను బయటి దాకా ఉంటుంది. బిల్డింగ్ మారలేదు, గది సైజు మారలేదు, అద్దెకి ఉండేవాళ్లు మారారు అంతే. గది చిన్నది కాబట్టే కొత్తగా వచ్చినవాళ్ల చేతికి అందింది.

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే. ఆ వీధుల బలం అందమైన ఇటుకలో లేదు, చిన్న చిన్న గదుల్లో ఉంది. ఆ గదులు కలిపేసి పెద్ద హాలు చేసినా, పడగొట్టి పార్కింగ్ చేసినా ఆ బలం పోతుంది.

నార్త్ 24వ వీధిలో పోయింది అదే. అదీ ఇలాంటి బజారే, నల్లజాతి వాళ్ల వ్యాపారాలు, యూదుల కొట్లు, 1923 నాటి జ్యూవెల్ బిల్డింగ్ పైన డ్రీమ్‌ల్యాండ్ అనే డ్యాన్స్ హాలు, మిల్డ్రెడ్ బ్రౌన్ గారు 1938లో మొదలుపెట్టిన ఒమాహా స్టార్ పేపరు అన్నీ అక్కడే. కానీ ఆ ఏరియాని మ్యాపులో ఎర్ర రంగు వేసి లోన్లు ఇవ్వకుండా చేశారు, ఇల్లు రిపేరు చేసుకోవడానికి కూడా అప్పు పుట్టేది కాదు. 1969 జూన్‌లో వివియన్ స్ట్రాంగ్ అనే 14 ఏళ్ల పాపని పోలీసు కాల్చి చంపాక గొడవలు జరిగి చాలా కొట్లు కాలిపోయాయి, ఆ తర్వాత ఇళ్ల మధ్య నుంచి ఫ్రీవే వేశారు. నడిచి వచ్చే జనమే లేకుండా పోయాక కొట్లు ఎలా నిలబడతాయి. ఇప్పుడక్కడ రెండు బిల్డింగుల మధ్య పన్ను ఊడినట్టు ఖాళీ స్థలాలు కనిపిస్తాయి. ఆ ఖాళీ పక్కన మిగిలిన గోడని చూస్తే నాలాంటి వాళ్లకి భయమేస్తుంది, ఎందుకంటే ఆ గోడ రెండు బిల్డింగులకీ ఉమ్మడి గోడ, వానకి మంచుకి తడవడం కోసం కట్టింది కాదు, లోపలి రకం మెత్తటి ఇటుకతో కట్టింది. పక్క బిల్డింగ్ పడగొట్టగానే అది బయటి గోడ అయిపోతుంది. వీధిలో ఒక బిల్డింగ్ పోతే దాని పక్కది కూడా బలహీనపడుతుంది, ఇది నేను పోలికగా చెప్పట్లేదు, నిజంగానే ఇటుకలో జరిగేది. అందుకే మీ గదికి రెండు పక్కలా బిల్డింగులు ఉన్నాయా లేదా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. అక్కడ మళ్లీ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లని చూస్తే నాకు గౌరవం.

ఇక మీ గది సంగతి. ఓనర్ చూపించేది ముందు అద్దాలు, రంగు. మీరు చూడాల్సింది బేస్‌మెంట్, వెనక సందు, పైకప్పు.

బేస్‌మెంట్‌లోకి దిగేటప్పుడు టార్చ్, ఇంటి తాళంచెవి తీసుకెళ్లండి. ఇటుకల మధ్య సందులో తాళంచెవితో గీకండి. పొడిపొడిగా ఇసుకలా రాలితే కంగారు పడకండి, అది సున్నం, ఆ రోజుల్లో సున్నం ఇసుక కలిపే కట్టేవాళ్లు, మళ్లీ సున్నంతోనే పూడ్చుకోవచ్చు. భయపడాల్సింది ఎప్పుడంటే, తాళంచెవి జారిపోయేలా గట్టిగా బూడిద రంగులో సిమెంట్ ఉంటే. పాత ఇటుక మెత్తన, తడి లాక్కుంటుంది, ఆ తడి సున్నం సందుల్లోంచి బయటికి పోవాలి. సిమెంట్ పెడితే దారి మూసుకుపోయి తడి ఇటుకలోనే ఉండిపోతుంది, జనవరిలో మైనస్ చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఒక బిల్డింగ్‌కి నేను సున్నమే వాడమని రాసిచ్చాను, ఓనర్ కాంట్రాక్టర్ మాట విని సిమెంట్ పెట్టించాడు, మూడో ఏడాది ఏప్రిల్‌లో వెళ్తే ఫుట్‌పాత్ మీద ఎర్రటి పెంకులు దోసిళ్లతో ఎత్తేంత పడి ఉన్నాయి. 1910లో చేసిన ఇటుకలు అవి, నూరేళ్లు నిలబడ్డాయి, మూడు చలికాలాల్లో పోయాయి. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే ఆ గోడ వంక చూడలేను.

తల పైకెత్తి దూలాలు చూడండి. గోడలోకి వెళ్లే చివర ఏటవాలుగా కోసి ఉంటాయి, పుచ్చిపోయి అలా అయ్యాయనుకోకండి, కావాలనే కోశారు. మంటల్లో దూలం విరిగి పడితే గోడని పెకలించకుండా జారి పడాలని. మీరు చూడాల్సింది ప్లంబర్లు పైపుల కోసం దూలాలకి పెట్టిన కోతలు. మధ్యలో సగం దాకా కోసిన దూలం మీద మీరు పెద్ద గ్రైండర్, చల్లగది పెడితే మోయలేదు. దూలం బాగుచేయడం పెద్ద ఖర్చు కాదు, కానీ లీజు మీద సంతకం పెట్టాక కాదు, ముందే తేల్చుకోండి.

వంట గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే బెన్సన్ గదులు చేజారేది ఇక్కడే. ఇడ్లీ ఆవిరి ఒక రకం, దోశ పెనం, గారెల మూకుడు ఇంకో రకం. ఆవిరికైతే మామూలు హుడ్ (పొయ్యి మీద ఆవిరి, పొగ లాగేసేది) సరిపోతుంది. నూనె పొగ వచ్చేదానికి మంటలు ఆర్పే సిస్టమ్‌తో పెద్ద హుడ్ కావాలి, దాని గొట్టం పైకప్పు దాటి బయటికి పోవాలి. మీ పైన కాపురాలు ఉన్నాయి, వాళ్ల ఇంట్లోంచి గొట్టం తీసుకెళ్లాలంటే చుట్టూ మంట తట్టుకునే గోడ కట్టాలి, అంటే పై ఇంట్లో ఒక మూల పోతుంది, ఓనర్ ఒప్పుకోడు. వెనక సందు వైపు గోడ బయట నుంచి పైకి తీసుకెళ్లే వీలుంటే పని అయిపోతుంది, వీధికి కనపడదు కాబట్టి గొడవా ఉండదు. కాబట్టి వెనక గోడకి కిటికీలు ఎక్కడున్నాయి, గొట్టానికి దారి ఉందా అన్నది మెకానికల్ కాంట్రాక్టర్ని తీసుకెళ్లి చూపించండి. దారి లేకపోతే ఆ గది వదిలేయండి, ఎంత నచ్చినా సరే.

డ్రైనేజీ పైపులో కెమెరా పెట్టించండి. తూర్పు ఒమాహాలో చాలాచోట్ల వాన నీళ్లు, మురుగు నీళ్లు ఒకే గొట్టంలో పోయే పాత ఏర్పాటు, మే, జూన్ కుండపోత వానలకి అది బేస్‌మెంట్‌లోకి వెనక్కి తన్నొచ్చు. బియ్యం, మినప్పప్పు బస్తాలు కింద పెడదాం అనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

చిన్న గది వల్ల మీకొక లాభం ఉంది, చాలామందికి తెలియదు. మామూలు బిల్డింగ్ కోడ్‌లో లెక్క కట్టిన జనం 50 కన్నా తక్కువ ఉంటే హోటల్ని జనం గుమిగూడే చోటుగా కాకుండా మామూలు వ్యాపారంగా చూస్తారు. 50కి చేరితే బయటికి రెండో దారి, ఇంకా చాలా రూల్స్ మీద పడతాయి, 100కి చేరితే స్ప్రింక్లర్లు (మంటలొస్తే సీలింగ్ నుంచి నీళ్లు చల్లేవి). పైన కాపురాలున్నాయి కాబట్టి మధ్య సీలింగ్ మంట ఆపగలదా అని ఎలాగూ అడుగుతారు, అది వేరే. ముప్ఫై కుర్చీలతో మొదలుపెట్టండి. ప్లాన్ గీయించే ముందే సిటీ పర్మిట్ ఆఫీసులో ఇవన్నీ అడిగి కనుక్కోండి.

పాత బిల్డింగ్ బాగుచేస్తే ట్యాక్స్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) వస్తుందా అన్నారు. కేంద్రం 20 శాతం ఇస్తుంది, అయిదేళ్లలో సమానంగా. కానీ బిల్డింగ్ నేషనల్ రిజిస్టర్‌లో (దేశంలోని చారిత్రక కట్టడాల జాబితా) విడిగానో ఒక చారిత్రక జిల్లాలో భాగంగానో ఉండాలి, పెట్టే ఖర్చు ట్యాక్స్ లెక్కల్లో బిల్డింగ్‌కి మిగిలిన విలువని దాటాలి. అంటే స్థలం కాక బిల్డింగ్ లెక్క 2,00,000 డాలర్లు ఉంటే రెండేళ్లలో అంతకన్నా ఎక్కువ పెట్టాలి. స్టవ్‌లు, ఫ్రిజ్‌లు అందులోకి రావు. అద్దెకున్నవాళ్లు తీసుకోవాలంటే పని పూర్తయ్యేనాటికి లీజు కనీసం 39 ఏళ్లు మిగిలి ఉండాలి, కాబట్టి ఇది మీ చేతిలో లేదు, ఓనర్ చేసుకోవాలి. ఓనర్ చేసుకుంటానంటే పని మొదలుపెట్టకముందే అప్లికేషన్ పంపడం మంచిది, ఆ రేకు సీలింగ్ పీకేస్తే మొత్తం పోవచ్చు. రాష్ట్రం క్రెడిట్ కూడా 2014లో తెచ్చారు, రూల్స్ మారుతుంటాయి, లింకన్‌లో ఉన్న స్టేట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్తారు. ఒక భయం మాత్రం వదిలేయండి, నేషనల్ రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన సొంత డబ్బుతో చేసుకునే పనికి ఎవరూ అడ్డు రారు, అడ్డు వచ్చేది సిటీ తనే ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించిన బిల్డింగ్ అయితేనే.

లీజు ట్రిపుల్ నెట్ అని రాసుంటే ట్యాక్సు, ఇన్సూరెన్సు, మెయింటెనెన్సు మీ మీదే. పాత బిల్డింగ్‌కి అలా ఒప్పుకుంటే కప్పు కారినా మీదే. కప్పు, బయటి గోడలు, డ్రైనేజీ మెయిన్ లైను ఓనర్‌వి అని పేరుపేరునా రాయించుకోండి. ఆ బజారు బాగోగుల కోసం ఓనర్ల దగ్గర వసూలు చేసే డబ్బు మీ అద్దెలో కలుస్తుందా అని కూడా అడగండి.

మరి ఏది తీసుకోవాలి? మనవాళ్లు ఎక్కువమంది పడమర వైపే, గుడి కూడా అటే, శనాదివారాలు కుటుంబాలతో వచ్చేవాళ్ల మీదే నడపాలనుకుంటే 144వ వీధే సుఖం, అందులో తప్పేం లేదు. కానీ మీరు రాసిన దాంట్లో ఒక మాట నన్ను పట్టేసింది, "రోజూ వచ్చే మొహాలు కావాలి, మా నాన్న కొట్టులో లాగా" అన్నారు. అది పార్కింగ్ లాట్ ముందు దొరకడం కష్టం. బెన్సన్‌లో చుట్టూ నడిచొచ్చే దూరంలో ఇళ్లున్నాయి, పొద్దున దోశ తినేవాడు సాయంత్రం టీకి వస్తాడు. గొట్టానికి దారి ఉంటే నేనైతే బెన్సన్ తీసుకుంటాను, మొదటి శుక్రవారం జనాన్ని చూసి కాదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం ఏడింటికి, పొద్దున ఎనిమిదింటికి అక్కడ నిలబడి ఎంతమంది నడుస్తున్నారో లెక్కపెట్టి చూడండి, మీకు మీ బేరం అర్థమవుతుంది. సౌత్ 24వ వీధి, అలాంటిదే ఇంకో పాత బజారు వింటన్ స్ట్రీట్ కూడా ఒకసారి తిరిగి రండి, అద్దెలు కనుక్కోండి.

బేస్‌మెంట్ ఉత్తరం గోడ, వెనక గోడ, సీలింగ్ పలక ఎత్తాక పైన ఏముందో మూడు ఫోటోలు ఇక్కడే పెట్టండి. ఉత్తరం గోడ ఎందుకంటే ఎండ తగలదు కాబట్టి తడి ముందు అక్కడే కనపడుతుంది, తెల్లగా ఉప్పు పూసినట్టు ఉంటే నేల నుంచి ఎంత ఎత్తు దాకా ఉందో టేపు పెట్టి కొలిచి రాయండి. చూసి చెప్తాను.